పడుగు ముందు ఆగిన కారు

జాగీరు పోయాక ఒక నవాబు అమ్మేసిన రెండు సీట్ల రేసు కారు నాది. మొన్న దానికి కొత్త సైలెన్సర్ పెట్టించాను. పాత గొట్టం మోతకు పక్కింటి నర్సవ్వ మనవరాలు నిద్రలో ఉలిక్కిపడుతోందట.

నల్లగొండలో మిస్త్రీ ఖాదర్ భాయి రెండు గొట్టాలు చూపించాడు. లారీది బిగిస్తే చప్పుడే ఉండదు కానీ ఇంజనుకు ఊపిరాడదు. రెండోదానితో మోత తగ్గుతుంది, వేగం తగ్గదు. రెండోదే వేయించుకుని మురిసిపోతూ ఇంటిదారి పట్టాను.

మాది నేతగాళ్ల వీధి. మలుపు తిరగగానే గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. మగ్గానికి ఎక్కించాల్సిన పడుగును నర్సవ్వ వాళ్లు వీధి పొడవునా చాపి గంజి పెడుతున్నారు. చక్రం నూలుకు జానెడు దూరంలో ఆగింది. పోగులు తెగితే ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలయ్యేది.

నర్సవ్వ గంజి కుంచె పట్టుకునే వచ్చింది.

"రోజు నీ మోత చెరువు కాడ ఇనవడంగనే పడుగు పక్కకు జరుపుకుంటుంటిమి. ఇయ్యాల గిట్ల దొంగలెక్క వచ్చినవేంది బిడ్డా?"

"నీ మనుమరాలి కోసమే గదా అవ్వా, మోత తగ్గిపిచ్చిన."

"మంచిపనే చేసినవ్. రేపటి సంది మలుపు కాడ హారన్ కొట్టు." నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "గని పిల్ల లేవకుంట కొట్టు."

నర్సవ్వకు వినబడి, ఆమె మనవరాలికి వినబడని హారన్ ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఖాదర్ భాయికైతే తెలియదట.