అంజమ్మక్క మసక సీసాలు

పక్క ఫ్లాట్‌లో నేలకు పాలిష్ పెడుతున్నారు. పొద్దుటినుంచి ఒకటే గరగర. మా కోడలు చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతోంది. నాకు మాత్రం పళ్ళు జివ్వుమంటున్నా కిటికీ మూయబుద్ధి కావడం లేదు. గాజు మీద ఎమరీ అనే గరుకు రాతిపొడి రుద్దితే అచ్చం ఇదే చప్పుడు. అది వింటే అంజమ్మక్క గుర్తొస్తుంది. ఆమె గుర్తొస్తే నేనిక ఒకచోట కూర్చోలేను.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డ కొత్తల్లో మా వారి ఉద్యోగం వెంట తెనాలి నుంచి నాంపల్లికి వచ్చి పడ్డాం. స్టేషన్ వెనక వరస గదులు, అందరికీ ఒకటే వాకిలి. ఆయన లక్డీకాపూల్‌లోని ఆఫీసుకు బయలుదేరగానే నాకు కాళ్ళు నిలిచేవి కావు. దారపుండ వంకతో ఆబిడ్స్ దాకా నడిచి, దుకాణాల అద్దాలన్నీ చూసి, దారం కొనకుండానే తిరిగొచ్చేదాన్ని. పైగా పరువు పిచ్చి. ఇంటికి చుట్టాలొస్తే పాలు లేవని తెలియనిచ్చేదాన్ని కాదు, దొడ్డిదారిన పరుగెత్తి నాలుగిళ్ళు అడిగి తెచ్చేదాన్ని.

పక్క గది అంజమ్మక్కది. నల్లగొండ వైపు మనిషి. భర్త ఆబిడ్స్‌లో ఒక అద్దాల దుకాణంలో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ఆయన దగ్గర నేర్చిన పనితోనే ఆమె ఇల్లు నడిపేది. దెబ్బలకు వేసే ప్లాస్టరును పువ్వులుగా, ఆకులుగా కత్తిరించి గాజు సీసాకు అంటించేది. మిగతా గాజునంతా ఎమరీ పొడి, నీళ్ళు వేసి తోలుముక్కతో రుద్దేది. గాజు మసకబారాక ప్లాస్టరు ఊడదీస్తే, దాని కిందున్న పువ్వు మాత్రం తేటగా మిగిలేది. అందాకా ఆగడం నా వల్ల అయ్యేది కాదు. గోటితో అంచు గిల్లబోతే చేతి మీద చిన్నగా కొట్టేది. "జర ఓపిక పట్టు చెల్లె. కాళ్ళకెట్లా లేదు, చేతులకన్న నేర్పు" అనేది. అలా అన్న మనిషికీ నిలకడ లేదు. రుద్దుతూ రుద్దుతూ లేచిపోయి, కూతురు సుజాత బడి నుంచి వస్తోందేమోనని వీధి చివరిదాకా చూసొచ్చేది.

ఆ కంగారుకు కారణం ఉంది. ఊళ్ళో ఉన్న మరిది నరసింహ, ఇల్లు గడవకపోతే పిల్లను తీసుకుపోయి పెళ్ళి చేసేస్తానని కబురు పెట్టాడు. చెడ్డవాడు కాదు. అన్న కూతురు పస్తుంటే తను ఊళ్ళో తలెత్తుకోలేనన్నది అతని బాధ. సుజాతకు ఆ ఏడే మెట్రిక్కు. సరిగ్గా అప్పుడే దుకాణాలవాళ్ళు సీసాలు తీసుకోవడం తగ్గించారు, ఇంట్లో సరుకులు అడుగంటాయి.

మరిది వస్తున్నాడని తెలిసి అంజమ్మక్క తన వంటింటి సీసాలన్నీ దించింది. మెడ దాకా మసక చేసి, అడుగున మాత్రం తేట పువ్వుల వరస వదిలింది. మణికట్లు లాగేస్తున్నా నేనూ కూర్చుని రుద్దాను. ఒక్కో దాంట్లో పోసింది పిడికెడే. బియ్యం, కందిపప్పు, జొన్నలు. పువ్వుల్లోంచి గింజలు కనబడుతుంటే సీసాలన్నీ నిండుగా ఉన్నట్టే ఉన్నాయి. నాకు ఎంత సంబరమో అంత దడ.

నరసింహ వచ్చి సీసాల అరకు ఎదురుగానే కూర్చున్నాడు. చాయ్ తాగుతూ వాటినే చూశాడు. మంచిగ చేసినవ్ వదినె అన్నాడు. అంతటితో ఊరుకోక, పువ్వులు దగ్గరగా చూద్దామని లేచి బియ్యం సీసా ఎత్తాడు. బరువనుకుని ఎత్తాడేమో, అది చటుక్కున పైకి లేచింది. ఆడించి చూశాడు. అడుగున నాలుగు గింజలు గలగలమన్నాయి. గుమ్మంలో ఉన్న నేను ఏదో ఒక అబద్ధం అల్లబోయాను. అంజమ్మక్క చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"ఔ, ఖాళీనే. పిల్ల మాత్రం రాదు. పరీక్ష రాస్తది."

"గిట్లుంటే నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బియ్యం తేవు, పిల్లను తీస్కపోతవని."

ఆమె చీర కుచ్చిళ్ళు కదులుతున్నాయి, కాళ్ళు అంతలా వణుకుతున్నాయి. చూపు మాత్రం దించలేదు. నరసింహ సీసాను రెండు చేతులతో అరలో పెట్టి, పరీక్ష ఎప్పుడని గోడవార నిలబడ్డ సుజాతనే అడిగి తెలుసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు బియ్యం బస్తా భుజానికెత్తుకుని వచ్చాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. సుజాత పరీక్ష రాసింది.

నన్ను మార్చింది ఆ రెండు ముక్కల జవాబే. అంత కష్టపడి దాచింది బయటపడ్డాక ఆమె కుంగిపోతుందనుకున్నాను. ఆమె అక్కడి నుంచే గట్టిగా నిలబడింది. ఇంట్లో లేనిది లేదని, నాకు ఇష్టంలేనిది కుదరదని చెప్పాల్సి వస్తే ఇప్పటికీ నాకు కాళ్ళు వణుకుతాయి. కూర్చుంటే మాట రాదని లేచి నిలబడి, వణుకుతూనే చెప్పేస్తాను.