బ్రిగేడియర్ పట్టిన వలతాడు

పలాసలో తెలుగు మాస్టారుగా ఉన్న రోజుల్లో చుట్టుపక్కల ఎవరికి సన్మానం జరిగినా పత్రం నేనే రాసేవాణ్ణి. నా పత్రాల్లో విశేషణాలు ఎక్కువ, విశేషాలు తక్కువ. పేరు మారిస్తే చాలు, తాసిల్దారుకు రాసింది డాక్టరుకూ సరిపోయేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఉద్దానం తీరంలోని ఒక చేపలవారి పల్లె నుంచి కబురొచ్చింది. సిపాయిగా చేరి, పరీక్షలు రాసి అధికారి అయిన ఆ ఊరి మనిషి బ్రిగేడియర్‌గా పదవీ విరమణ చేసి వస్తున్నారు. స్టేషన్ నుంచి జీపులో తీసుకెళ్లే పనీ నాకే పడింది. యుద్ధాల గురించి అడిగితే, వరదల్లో పడవలేసుకుని ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి చెప్పారు. "ఓ ముసలమ్మ మేకనొగ్గీసి రానంది. మేకనీ ఎక్కించాం." ఊరు దగ్గరపడుతుంటే అన్నారు: "ఇన్నేళ్లూ సెలవులకొచ్చే సుట్టాన్ని, మాస్టారూ. ఇప్పుడిక్కడే ఇల్లు కడతన్నాను. ఊరోళ్లు నన్ను కలుపుకుంటారంటారా?"

నేను సంచిలోని సన్మానపత్రం తీసి చూసుకున్నాను. మూడు పేజీలుంది, అందులో ఆయన ఊరి మాట ఒక్కటీ లేదు.

సభలో నేను "అరివీర భయంకరులు" అని చదవగానే ముందు వరసలోని పిల్లలు ఆయన కుర్చీకి దూరంగా జరిగారు. చదివేకొద్దీ ఆయన్ను ఊరికి ఇంకాస్త దూరం చేస్తున్నానని నాకే అనిపించింది.

సభ ముగిసేసరికి ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. ఆయన చెప్పులు విడిచి వెళ్లి తాడు పట్టుకున్నారు.

"అమ్మో, తమరా! కూర్సోండి బావూ," అంటూ ఒకతను కుర్చీ తెచ్చి ఇసుకలో వేశాడు. ఆయన ముఖం చిన్నబోయింది. తాడు మాత్రం వదల్లేదు.

ముందు నిలబడి వల లాగించే ముసలాయన ఆయనకు చిన్ననాటి జతగాడు. వెనక్కి తిరిగి కేకేశాడు: "ఏటి బావా, తాడు లాగతన్నావా, జెండా ఎగరేత్తన్నావా? మడమలు ఇసకలో దించు!"

ఒడ్డంతా బిగుసుకుపోయింది. వేలమందికి ఆజ్ఞలిచ్చిన మనిషి "అలాగే బావా" అని మడమలు దించారు.

"బలం సాల్దు! అక్కడ తిండెట్టలేదేటి?"

ఈసారి ఆయన పకపకా నవ్వారు. ఆ వెనక ఊరూ నవ్వింది. కుర్చీ తెచ్చినవాడే దాన్ని పక్కకు నెట్టి ఆయన వెనకే తాడు పట్టాడు.

తాడు పట్టిన ప్రతివాడికీ పడిన చేపల్లో వాటా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ముసలాయన అందరి ముందూ కుప్పలు పోస్తూ ఆయన ముందూ ఒకటి పోశాడు. అందరికెంతో ఆయనకీ అంతే, ఒక్క చేప ఎక్కువ లేదు.

"రేపు పెందరాలే రా బావా. ఆలీసమైతే నీ సోటు ఇంకోడికిచ్చేత్తాను."

ఎన్నింటికి రావాలో ఆయన రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.