చుక్కలు లేని పత్రం

నా పదవీ విరమణకు రెండేళ్లుందనగా, వానాకాలం మొదట్లో, కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో నన్ను రికార్డుల సెక్షన్‌కు సూపరింటెండెంటుగా వేశారు. మార్కుల జాబితాలు, శిక్షణ గంటల ధ్రువపత్రాలు మా సెక్షన్ నుంచే వెళ్లేవి. ఎవరు టైపు చేసినా, ప్రిన్సిపాల్ ముందు పెట్టేలోపు సరిచూసి పొట్టి సంతకం చేయవలసింది నేను.

అక్కడే చదివిన లావణ్యకు జర్మనీలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. తండ్రి రాజేశం సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ధ్రువపత్రంలో ఆసుపత్రి పేరు, చిరునామా కాంట్రాక్టులో ఉన్నట్టే ఉండాలని ఆమెను పంపే ఏజెన్సీ షరతు. ఆమె వాటిని ఒక కాగితం మీద విడివిడి అక్షరాలతో రాసిచ్చింది. ఒకచోట u మీద రెండు చుక్కలున్నాయి, మరోచోట ß అనే అక్షరం ఉంది.

ఆ రోజు ఆపరేటర్ సెలవులో ఉంటే నేనే టైపు చేశాను. కీబోర్డు మీద ఆ రెండూ కనబడలేదు. చుక్కలు వదిలేశాను. రెండోది B అయి ఉంటుందనుకొని B కొట్టాను. అది జర్మన్‌లో స కారానికి వాడే వేరే అక్షరమని నాకు తెలియదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, ఒక అక్షరం కోసం ఇంకొకరిని అడగడం నామోషీ అనిపించింది.

మూడు వారాలకు ఏజెన్సీ నుంచి పత్రం తిరిగొచ్చింది. ఆసుపత్రి పేరు కాంట్రాక్టుతో సరిపోలడం లేదని రాశారు. కొత్త పత్రం తీసి, నోటరీ, అనువాదం పూర్తయ్యేలోపు ఏజెన్సీ పంపే ఆమె బ్యాచ్ జర్మనీ వెళ్లిపోతుంది. లావణ్య తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిపించి, ఇదెట్లా జరిగిందని అడిగారు.

"ఆ అమ్మాయి రాసిచ్చిన కాగితంలనే అట్లున్నది మేడం" అన్నాను. ఆ కాగితం నా ఫైలులోనే ఉంది.

"నేను చుక్కలు పెట్టే ఇచ్చిన సార్" అంది లావణ్య.

రాజేశం ఆమెను మాట్లాడనివ్వలేదు. నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "పోరి పరేషాన్‌ల ఏం రాసిందో ఏమో సారూ. జర మాఫ్ చేసి ఇంకొకటి తయారు చేసియ్యుండ్రి."

తప్పు చేసింది నేనైతే, ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు. నేను సరే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ఈసారి ఆపరేటర్‌ను అడిగి తెలుసుకున్నాను. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాచుకుంటుంది. ఆల్ట్ మీట నొక్కి పట్టి, కుడివైపు అంకెల మీటలతో 0252 కొడితే ü, 0223 కొడితే ß వస్తాయి. కొడితే నాకు తెలుగు ఒత్తులేవో వచ్చాయి. మా పాత తెలుగు ఫాంటు ఆ అంకెల స్థానాల్లో తెలుగు ముక్కల్ని పెట్టుకుంది. ఇంగ్లీషు ఫాంటుకు మార్చాక రెండూ సరిగ్గా పడ్డాయి. మొత్తం పది నిమిషాల పని.

కొత్త పత్రం అందేసరికి బ్యాచ్ వెళ్లిపోయింది. లావణ్య ఏడాదిపాటు ఊళ్లోనే ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసి, తర్వాతి బ్యాచ్‌లో వెళ్లింది. వెళ్లేముందు ఇంకో నకలు కోసం వచ్చి, నా బల్ల ముందే నిలబడి అక్షరం అక్షరం చూసుకుంది. "ఈసారి మంచిగున్నది సార్" అంది. అప్పుడైనా నిజం చెప్పవలసింది. స్టాంపు వేసి ఇచ్చి పంపాను.

ఆ తర్వాత సెక్షన్‌లో ఒక పద్ధతి పెట్టాను. ఏ పత్రమైనా ముందు చిత్తు ప్రతి తీసి, అభ్యర్థి చదివి సంతకం చేశాకే ముద్ర పడాలి. తెలియని అక్షరం వస్తే తెలియదని ఫైలులో రాసి, తెలిసినవాళ్లను అడగాలి. నేను నేర్చుకున్నది అంతే. పదవీ విరమణ సభలో మేడం ఆ పద్ధతిని మెచ్చుకున్నారు. ఎందుకు పెట్టానో నేను చెప్పలేదు.