అక్క ఇచ్చిన స్థలం

బస్సు కోవిల్‌పట్టిలోకి తిరగ్గానే వేయించిన పల్లీలూ, బెల్లం పాకమూ కలిసిన వాసన కిటికీలోంచి కొడుతుంది. అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం మా సీనియర్ జానకమ్మ గుర్తొస్తారు. విరుదునగర్‌లో ఆవిడ దగ్గరే నేను వకీలు పని నేర్చుకున్నాను. కోర్టులో గడగడా తమిళం మాట్లాడే మనిషి, ఆఫీసు గదిలోకి రాగానే తరాలుగా తమిళనాట ఉన్న మా ఇళ్ళ తెలుగులోకి దిగిపోయేవారు. వచ్చినవాళ్ళు ఏడుస్తున్నా సరే, ముందు మజ్జిగ తాగించి గానీ గొడవేమిటో వినేవారు కాదు.

ఒకరోజు మా వీధి చివర కాపురముండే కుప్పమ్మ వచ్చింది. కోవిల్‌పట్టిలో తన పేర ఉన్న ఇంటి స్థలాన్ని చాలా ఏళ్ళ కిందట తమ్ముడు రామసామికి రాసిచ్చింది. అతను అందులో మేడ కట్టుకున్నాడు. స్థలం అప్పుగా ఇచ్చాను, ఇప్పుడు విలువ కట్టి ఇమ్మని ఆవిడ వాదన. అక్క ప్రేమతో ఊరికే ఇచ్చిందని తమ్ముడి వాదన. దస్తావేజు చూస్తే అమ్మకం అని ఉంది. పైసా కూడా చేతులు మారలేదని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళకు కుదిరిన మాట అదొక్కటే. అది నా మొదటి దావా. ఉత్సాహంగా టైపు చేసి పెట్టాను. జానకమ్మ దాన్ని సొరుగులో పడేసి, కుప్పమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కారు.

రామసామి ఇంట్లో మాకు కాఫీలు ఇచ్చారు. వీధిలోని చుట్టాలంతా ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి కూర్చున్నారు. కుప్పమ్మ కాసేపు కాఫీ ముట్టలేదు. తర్వాత, తన స్థలంలో కాచిన కాఫీయే కదా అని గొణుక్కుని తాగేసింది. జానకమ్మ దస్తావేజు సంగతే ఎత్తలేదు. గృహప్రవేశం నాడు ఎవరెవరికి బట్టలు పెట్టావని రామసామిని అడిగారు. మేస్త్రీకి, వడ్రంగికి, ఇటుకలు తోలిన లారీ డ్రైవరుకు కూడా పెట్టానన్నాడు గర్వంగా.

“ఇది అక్క ఇచ్చిన మన్నని ఎవురికన్నా సెప్పినావా?” అన్నారు జానకమ్మ.

అతను తల దించుకున్నాడు. “ఎట్ల సెప్పేదమ్మా? అక్క మన్ను మీద బతకతా ఉండాడని ఊరు నవ్వదా?”

“సుమ్మ, ఊరికే ఇస్తే పేరు కూడా లేదు,” అంది కుప్పమ్మ. “అప్పంటేనన్నా తలుచుకుంటాడని అట్ల సెప్పినా.”

ఆ మాట వినగానే రామసామి లేచి నిలబడి, ఈ స్థలం మా అక్క ఇచ్చిందని చుట్టాలందరి ముందూ చెప్పాడు. కుప్పమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని దావా వద్దంది. నాకు మాత్రం చెప్పలేనంత నిరాశ కలిగింది.

ఆ నిరాశ వారం కూడా నిలవలేదు. రామసామి మా ఆఫీసుకు వచ్చాడు. ఊరందరికీ తెలిసిపోయాక ఊరికే ఉంచుకోవడం తన వల్ల కాదట. అది అప్పేనట, తీరుస్తాడట, అక్క పుచ్చుకునేలా చేయమన్నాడు. వెనకాలే కుప్పమ్మ దిగింది. ప్రేమగా ఇచ్చినదాన్ని అప్పంటాడా, వాడి మీద దావా వేయమంది. జానకమ్మ ఇద్దరికీ మజ్జిగ తెప్పించి నా వైపు తిరిగారు.

“సొరుగులో ఉండే ఆ పాత దావా కాయితమే తియ్యి పాపా. పేర్లు మాత్రం మార్చు.”

ముందు కుప్పమ్మ నవ్వింది, తర్వాత రామసామి. చివరికి మేడ మీద వీధివైపు గది కుప్పమ్మదని తేలింది. ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. తమ్ముడు దాన్ని బాకీ తీర్చడం అనుకున్నాడు, అక్క మర్యాద చేయడం అనుకుంది. స్థలం కానుకా, అప్పా, రాజీ పత్రంలో ఏమని రాయమంటారని నేనడిగాను. ఆ ఒక్క మాటా రాయొద్దన్నారు జానకమ్మ.

ఆవిడ ఇప్పుడు లేరు. తోబుట్టువుల తగాదా నా దగ్గరికి వస్తే, దస్తావేజు విప్పకముందే ఎవరు ఎవరితో ఏ మాట అనకుండా దాచుకున్నారో అడుగుతాను. చాలాసార్లు ఫీజు పోతుంది. మొన్న మా తమ్ముడి వర్క్‌షాపు కోసం నా స్థలం రాసిస్తూ, దీన్ని ఏమని తీసుకుంటావురా అని ముందే అడిగాను. వాడు ఆలోచించి, “నీకెట్లయితే నిద్ర పడ్తాదో అట్లనే పెట్టుకో అక్కా,” అన్నాడు.

నేనింకా తేల్చుకోలేదు. వాడు షెడ్డు వేసేశాడు.