భోజనాల వేళ సొంత పాట

తెనాలి కుర్రాళ్లు సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునే తీరు మీద పరిశోధన చేస్తానని యూనివర్సిటీలో రాసిచ్చినప్పుడు, అసలు ఉద్దేశం రాయలేదు. నాకు ఏదో ఒక బ్యాండులో గిటారు వాయించాలని ఉంది. పరిశోధనంటే ఇంట్లో ఏమీ అనరు. గిటారంటే అంటారు.

మా గైడ్ మేడమ్ ఒకటే షరతు పెట్టారు. "వాళ్లతో తిరుగు. కానీ నీ అంతట నువ్వు దూరకు. వాళ్లు పిలిస్తేనే వెళ్లు."

అలా పిలుపు కోసం ఎదురుచూడటం నా ఉద్యోగమైంది.

నాకు దొరికిన బ్యాండు వాళ్లు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే ఒక షాపు మేడ మీద ప్రాక్టీసు చేసేవారు. షాపు ఓనరు కొడుకు కీబోర్డు, అతని బావమరిది డ్రమ్ ప్యాడ్లు. పాటలు రాసి పాడేది ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి. ఇంట్లో ఉర్దూ, పాటలో తెలుగు. గిటారిస్టు లేడు. ఆ ఖాళీ చూస్తే నాకు బస్సులో ఖాళీ సీటు కనిపించినంత ఆశ.

పిలిచేవారు, పిలవకేం. "సార్, ఆ స్పీకరుకి ఓ చెయ్యి వేయండి." "సార్, మైకులో హలో అనండి." తెనాలి సంగీతంలో నా గొంతు పలికింది ఆ హలో వరకే. ఒకసారి గిటారు ఊరికే తెచ్చినట్టు తెచ్చాను. "బాగుందండి" అన్నాడు కీబోర్డు అతను. అని, దాని మీద వైర్ల సంచి పెట్టాడు.

పెళ్లిళ్లలో వాళ్లు పాడేది సినిమా పాటలే. సొంత పాట ఎప్పుడు పాడతారా అని చూస్తే, రేపల్లెలో ఒక పెళ్లిలో తెలిసింది. "భోజనాలకు దయచేయండి" అని మైకులో చెప్పగానే హాలు ఖాళీ అవుతుంది. ఇక ఫలానా పాట కావాలని అడిగేవాళ్లుండరు. జనం పెరుగన్నం ముగించి వచ్చేలోపు వీళ్లు తమ పాటలు పాడేసుకుంటారు.

"మా అభిమానులంతా పప్పు దగ్గర ఉంటారండి" అన్నాడు కీబోర్డు అతను.

మేడమ్‌కి ఈ సంగతి తెగ నచ్చింది. నాకైతే ఆ పాటల్లో ఒకటి వదల్లేదు. రైలు పట్టాలు రేపల్లెలో ఆగిపోయాయి, నా మనసు ఆగలేదు అని. అద్దె గదిలో కూర్చుని దాని స్వరాలన్నీ గిటారు మీద నేర్చుకున్నాను. పక్క గదాయన గోడ తట్టేవాడు. తాళం మాత్రం కుదిరేది కాదు.

బాపట్లలో రిసెప్షను. నేను వాళ్లతో తిరగడం అదే ఆఖరు. ఇక కూర్చుని రాయాలి. మధ్యాహ్నం భోజనాల పిలుపు అయింది, కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ అమ్మాయి స్టేజీ మీంచి చెయ్యి ఊపింది.

"అన్నయ్యా, ఇలా రండి."

అప్పటిదాకా నేను సారునే. గిటారు ఈసారీ తెచ్చాను, బయట సామాన్ల ట్రాలీ ఆటోలో ఉంది. పరుగెత్తితే పాట ఎత్తుకునేలోపు తెచ్చేయొచ్చు.

"తినడానికెళ్లకండి. ఆ ముందు కుర్చీలో కూర్చోండి" అంది.

"కూర్చుని?"

"వినండి. ఈ పాటని ఇప్పటిదాకా ఎవ్వరూ కూర్చుని వినలా."

"నేను ప్రతిసారీ వింటున్నానుగా."

"ఏం వింటారండీ? వైర్లు చుట్టడం, ఫోనులో రికార్డవుతుందో లేదో చూసుకోవడం. మిమ్మల్ని చూడట్లేదనుకున్నారా?"

"సారుకి ఆకలేస్తుందేమో కనుక్కో" అన్నాడు కీబోర్డు అతను.

"వేస్తే వేసిద్ది. పాటయ్యాకే అన్నం."

కూర్చున్నాను. నా వెనక హాలంతా ఎర్ర కుర్చీలు. ఎవరో పెద్దాయన వచ్చి, "ఖాళీయేనా బాబూ?" అని నా పక్క కుర్చీ డైనింగ్ హాల్లోకి పట్టుకుపోయాడు.

ఆమె నన్నే చూస్తూ ఆ రైలు పట్టాల పాట పాడింది. రెండో చరణానికి ముందు కీబోర్డు ఆగిపోయే చోటొకటి ఉంది. అక్కడ గిటారుంటే ఎంత బాగుంటుందో అని గదిలో రోజూ అనుకునేవాణ్ని. ఎడమచేతి వేళ్లు అప్పటికే మోకాలి మీద స్వరం నొక్కి సిద్ధంగా ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. తర్వాతి మాట దాని మీదే ఆనుకుని నిలబడింది.

పాటయ్యాక చప్పట్లు కొట్టాను. ఒక్కడే కొడితే దోమల్ని చంపుతున్నట్టుంటుంది.

"ఎలా ఉందన్నయ్యా? ఏవన్నా కలపాలా?" అనడిగింది.

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసిన ప్రశ్న అది. మేడమ్ షరతు కూడా అడ్డు కాదు, వాళ్లే అడిగారు.

"ఏమీ కలపకండి" అన్నాను.

జనం చేతులు తుడుచుకుంటూ వస్తున్నారు. వాళ్లు సినిమా పాట ఎత్తుకున్నారు. నేను కాసేపు ఆ కుర్చీలోనే ఉండిపోయాను, ఏవన్నా కలపాలా అని ఎవరైనా మళ్లీ అడుగుతారేమోనని.