లాగిన్ పేజీలో నేను రాయని వాక్యం

దెయ్యాల సంగతి ఎవరు చెప్పినా, కాలేజీ రోజుల నుంచీ నాది ఒకటే ప్రశ్న: అప్పుడు కరెంటుందా? చాలామంది తడబడేవాళ్లు. నేను నవ్వేసేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది కరెంటు ఉండగా, పట్టపగలు, నా సొంత లాప్‌టాప్‌లో జరిగింది. దాన్ని దెయ్యం అనను. ఏమనాలో తెలియకే, పాపను పడుకోబెట్టి ఇది రాస్తున్నాను.

మేముండేది తోటపల్లి గూడూరు వైపు, సముద్రానికి దగ్గర్లో, రొయ్యల గుంటల మధ్య. మా ఆయనది ఆ గుంటల మీదే పని. మేత వేయాలి, నీళ్లు చూడాలి అంటూ ఎక్కువసేపు అక్కడే ఉంటారు. నా పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం. ఇక్కడి ఆడవాళ్లు మంచివాళ్లే గానీ నన్ను ‘కంప్యూటరమ్మా’ అని పిలిచి, మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతారు. కొన్ని రోజులు నా గొంతు నేను వినేది పాపతో మాట్లాడినప్పుడే.

ఇంట్లోంచే వెబ్‌సైట్ల పని చేస్తాను. అప్పుడు ఒక శిక్షణ సంస్థ సైటుకు లాగిన్, రిజిస్ట్రేషన్ పేజీలు తయారు చేస్తున్నాను. సైటు నడిపే సాఫ్ట్‌వేర్‌తో పాటే ఈ పేజీలు ఇంగ్లిష్‌లో, అందరికీ ఒకేలా వస్తాయి. పేజీకి అచ్చులాంటి అసలు టెంప్లేట్‌ను ముట్టుకోకూడదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయితే మన మార్పులన్నీ పోతాయి. అందుకని దానికో కాపీ తీసి, సైటు రూపురేఖలుండే మన థీమ్ ఫోల్డర్‌లో పెట్టుకుని, అందులో రంగులూ మాటలూ మారుస్తాం.

తప్పు పాస్‌వర్డ్ కొడితే వచ్చే హెచ్చరికను నేనే తెలుగులో రాశాను: ‘వివరాలు సరిపోలేదు. మళ్లీ ప్రయత్నించండి.’ దాన్ని ఎర్ర అంచున్న చిన్న పెట్టెలో పెట్టాను. సైటు ఇంకా నా లాప్‌టాప్‌లోనే ఉంది, ఇంటర్నెట్‌లోకి ఎక్కించలేదు. బయటివాళ్లు దాన్ని చూడలేరు, మార్చలేరు.

ఇక్కడ పాకే పిల్లలున్న ఇళ్లలో గుమ్మానికి మోకాలెత్తున వలముక్క కడతారు. గుంటల మీద పక్షులు వాలకుండా కట్టే వలలో మిగిలిన ముక్క అది. మా వెనక గుమ్మానికీ ఒకటుండేది. ఇది జరిగిన రోజు పొద్దున గుంట మీది వల చిరిగిందని మా ఆయన దాన్ని విప్పుకుని పోయారు. తలుపు మూసి గడియ పెట్టాను. పెట్టాననే ఇప్పటికీ నా నమ్మకం.

పాప చాప మీద నిద్రపోయింది. పాప నిద్రపోతుంటే ఊపిరాడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషిని నేను. అప్పుడూ చూసి, పక్క గదిలో పనికి కూర్చున్నాను.

తప్పు పాస్‌వర్డ్ కొట్టి పరీక్షిస్తున్నాను. ప్రతిసారీ నా వాక్యమే వస్తోంది. రంగు కాస్త తగ్గించి మళ్లీ కొట్టాను. అదే ఎర్ర పెట్టె, నేను ఎంచుకున్న అక్షరాలే. మాటలు మాత్రం వేరు.

‘మే, బిడ్డ యాడుండాది?’

చదివి అర్థం చేసుకునేలోపే లేచాను. చాప ఖాళీ. వెనక తలుపు తెరిచి ఉంది. ఇంటి వెనకే గుంటలకు ఉప్పునీళ్లు తెచ్చే కాలువ. మోటారు వేసినట్టున్నారు, నీళ్లు గట్టు అంచుదాకా ఉన్నాయి. పాప గట్టు మీద బోర్లా పడుకుని నీళ్లలో చెయ్యి ఆడిస్తోంది. భుజాలు అప్పటికే అంచు దాటాయి. నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

కాలువ అవతలి ఇంటి సుబ్బమ్మక్క తన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. “ఏంది కంప్యూటరమ్మా, అట్టా వణకతా ఉండావు? బిడ్డ బాగానే ఉండాదిలే, నవ్వతా ఉండాది చూడు!” అంది. నువ్వేమైనా కేకేశావా అక్కా అని అడిగాను. “నేనిప్పుడేగా వచ్చింది? చూసుంటే ఊరంతా లేచేటట్టు అరిచేదాన్ని” అంది.

లోపలికొచ్చేసరికి పెట్టెలో నా వాక్యమే ఉంది. టెంప్లేట్ కాపీ వెతికాను. అసలు ఫైలూ వెతికాను. థీమ్ ఫోల్డర్ మొత్తం గాలించాను. ఆ మాటలు ఎక్కడా లేవు. సాఫ్ట్‌వేర్ పొరపాటయితే ఇంగ్లిష్ వాక్యమో, విరిగిన అక్షరాలో రావాలి. మా యాస దానికి ఎలా వచ్చింది?

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. “నిద్దర లేక అట్టా అనిపించుంటాది. పొద్దుగూకేలోపల వల తెచ్చి కడతాలే. నువ్వు ఆ లాప్‌టాప్ మూసి రోంతసేపు పడుకో” అన్నారు. అన్నట్టే తెచ్చి కట్టారు. నిద్ర లేదన్న మాట నిజమే. కానీ కలగని ఉంటే, పాప బయట ఉన్న సంగతి నా కలకెలా తెలిసింది?

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. మా వైపు బాగా దగ్గరి ఆడవాళ్లనే ‘మే’ అంటారు. ఈ ఊళ్లో నన్ను అలా పిలిచేంత చనువు ఎవరికీ లేదు.

పేజీలు అప్పగించేశాను, సంస్థవాళ్లకు నచ్చాయి. నా దగ్గరున్న కాపీ మాత్రం తీసేయలేదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు దాన్ని తెరిచి, కావాలనే తప్పు పాస్‌వర్డ్ కొడుతుంటాను. నేను రాసిన వాక్యమే వస్తుంది. వెంటనే పాప వైపు చూస్తాను. పక్కనే ఉంటుంది. గుండె కుదుటపడుతుంది. ఆ తర్వాత కాసేపు, ‘మే’ అంటూ ఎవరూ అడగలేదే అనిపిస్తుంది.