పౌడరు పూసుకున్న ఇంజను

మా అత్తకి తన కారంటే ప్రాణం. మావయ్యకి ఆ కారంటేనే ఒళ్ళుమంట. నిలిపిన చోటల్లా నేల మీద నల్లటి నూనె మరక పెడుతుంది మరి. అత్త ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చున్నా తన కాలికి అందేలా ఇంకో బ్రేకు పెట్టించుకుంది అందులో. వీధిలో సగంమంది ఆడవాళ్ళు ఆ కార్లోనే స్టీరింగు పట్టారు, నాతో సహా. మావయ్య మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు. పెళ్ళాం దగ్గర నేర్చుకోవడం ఆయనకి నామోషీ.

మెకానిక్ ఇంజను పైమూత కింద నూనె కారకుండా ఉండే రబ్బరు పట్టీ, గాస్కెట్, మార్చాడు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ కారింది. అడుగున సీలు మార్చాడు. మళ్ళీ అదే కథ. "ఇంజను ముసలిదైపోయింది టీచరమ్మా, ఇక వదిలేయండి" అని చేతులెత్తేశాడు. అదే అదనుగా మావయ్య పాత ఇనుము కొనేవాణ్ణి ఆదివారం రమ్మన్నాడు. నాకు అరికాలిమంట నెత్తికెక్కింది.

"అత్త ఎందులో నేర్పుతుంది మావయ్యా? కొత్త కారెవరైనా నేర్చుకునేవాళ్ళ చేతికిస్తారా?" అని దెబ్బలాడాను.

అత్త మాత్రం నిదానంగా, "ఆదివారంలోపు లీకు ఆపితే నేను చెప్పినట్టు వింటారా?" అంది.

"తలొంచుకుని వింటా" అన్నాడు మావయ్య మీసం దువ్వుకుంటూ.

మర్నాడు అత్తా నేనూ ఇంజన్ని జిడ్డు పోయేలా కడిగి, ఆరబెట్టి, డబ్బాడు పౌడరు చల్లాం. నేను మొహానికి రాసుకునే పౌడరే! ఊళ్ళో ఒక చుట్టు తిప్పి బానెట్ ఎత్తితే, తెల్లటి పౌడరు మీద నూనె జారిన దారి కాటుక గీతలా కనిపించింది. పైమూత అంచున మొదలై, వెనకవైపు నుంచి కిందికి జారి అడుగున బొట్లు బొట్లుగా పడుతోంది. కానీ ఆ మూత కింద ఉన్నది కొత్త గాస్కెట్!

నూనె మట్టం చూసే పుల్ల వేలెడంత పైకి లేచి ఉంది. "ఏమే, దీన్ని నువ్వు లాగావా?" అంది అత్త.

"నేను ముట్టుకోలేదత్తా!"

"అయితే లోపల్నుంచే ఏదో తోస్తోంది." పుల్లని మళ్ళీ లోపలికి నొక్కింది. ఉన్నట్టుండి నా భుజం మీద ఒక్కటి చరిచింది. "కుక్కరు విజిల్ కన్నం పూడుకుపోతే ఏమవుతుందే?"

"ఆవిరి రబ్బరు దగ్గర్నుంచి తన్నుకొస్తుంది."

"కొత్త రబ్బరైనా?"

"కొత్తదైనా!"

సరాసరి మెకానిక్ దగ్గరికి పోయాం. "ఈ ఇంజను లోపలి గాలి బయటికి ఎటునుంచి పోతుందయ్యా?" అని అడిగింది అత్త. అతను పానా కింద పెట్టి, ఇంజను పక్కనున్న రబ్బరు గొట్టం ఊడదీసి ఊదాడు. బుగ్గలుబ్బాయి గానీ గాలి పోలేదు. తీగతో గెలికితే గట్టిపడిన మడ్డి ముద్దలు ముద్దలుగా రాలింది.

"నా మతిమండా! ఎక్కడ కారుతోందో చూశాను గానీ ఎందుకు కారుతోందో చూడలేదు టీచరమ్మా" అని నెత్తి కొట్టుకుని నవ్వాడు. గొట్టాలన్నీ కిరసనాయిలుతో కడిగి, గాస్కెట్ మళ్ళీ వేశాడు.

ఆదివారం ఇనుమువాడు రానే వచ్చాడు. ముందురోజు కారు కింద పరిచిన పేపరుని మావయ్య బయటికి లాగాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక్క చుక్క లేదు. నేను ఎగిరి గంతేశాను.

"అతన్ని పంపించేసి, డ్రైవరు సీట్లో కూర్చోండి" అంది అత్త.

మావయ్య మొహం చూడాలి! అత్త దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. మాటిచ్చాడు కదా, కూర్చున్నాడు. కారు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. అత్త తన బ్రేకు మీద కాలుంచి, "మళ్ళీ" అంది. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత మెల్లగా ముందుకు సాగింది.

"కదిలింది! చూడండర్రా, కదిలింది!" అని కిటికీలోంచి తల బయటపెట్టి మా అందరికీ అరిచి చెప్పాడు మావయ్య.

"రోడ్డు చూడండి" అంది అత్త.